గుడ్డకు తగిలిన తీగ

1964 వానాకాలం చివర్లో నన్ను ఆదిలాబాద్‌కు పంపారు. పత్తి చేల మీద పురుగుమందు చల్లే ఒక ప్రైవేటు కంపెనీ విమానానికి గ్రౌండ్ ఇంజినీర్‌గా. గ్రౌండ్ ఇంజినీర్ విమానం నడపడు. తనిఖీ చేసి, ఇది ఎగరవచ్చని సంతకం పెడతాడు. ఆ సంతకం పడనిదే విమానం నేల వదలకూడదు. అప్పటికి నాకు నలభై మూడేళ్లు. ఈ వృత్తిలోకి రావడం రెండోసారి.

మొదటిసారి నిజాం రోజుల్లోనే బేగంపేటలో చేరాను. పదేళ్లకు పైగా చేశాక దూరానికి బదిలీ చేశారు. ఇంటి దగ్గర మా బాపుకు పక్షవాతం. రాజీనామా ఇచ్చి జమ్మికుంట వచ్చి, పత్తి గింజ తీసే ఒక జిన్నింగ్ మిల్లులో ఆయిలింజన్ చూసుకునే పనిలో కుదిరాను. బాపు పోయాక కూడా అక్కడే ఉండిపోయాను. విమాన లైసెన్సు వాడకుండా ఊరుకుంటే చెల్లదు. తిరిగి కావాలంటే తిరిగి పరీక్ష రాయాలి. ఆ మాట ఇంట్లో ఎత్తితే నా భార్య లక్ష్మి, "గీ వయసుల పరీచ్చలేంది? మిల్లు పని మంచిగనే ఉన్నది గదా" అంది. కొన్నాళ్లకు ఆమే, "ఎన్నొద్దులు గట్ల విమానాల దిక్కు చూసుకుంట ఉంటరు, పోరాదుండ్రి" అని పంపింది. ఇరవయ్యేళ్ల పిల్లల మధ్య కూర్చుని రాశాను. మొదటిసారి తప్పాను. రెండోసారి గట్టెక్కాను.

కంపెనీ చీఫ్ ఇంజినీర్ ఖాదర్. బేగంపేటలో నా కింద హెల్పర్‌గా చేరినవాడు. బోల్టు ఊడకుండా తీగ మెలిపెట్టడం నేనే నేర్పాను. ఇప్పుడు అతను పై అధికారి. నలుగురిలో "నర్సయ్య గారూ" అనేవాడు, ఎవరూ లేనప్పుడు "ఉస్తాద్" అనేవాడు. రెండు పిలుపులకూ అలవాటు పడటానికి నాకు కొంత కాలం పట్టింది.

ఊరవతల జొన్నచేను చదును చేసిందే మా రన్‌వే. ఒక టార్పాలిన్ డేరా, మందు డ్రమ్ములు, నీళ్ల ట్యాంకరు. మందు లోహాన్ని తినేస్తుంది కనుక పొద్దుగూకేలోపు విమానమంతా కడగాలి. కడిగీ కడిగీ సాయంత్రానికి నా నడుము నిలిచేది కాదు. మిల్లులో కుర్చీ ఉండేదని గుర్తొచ్చేది.

సీజన్ నడుమ తనిఖీలో ఎలివేటర్ కేబుల్ చూశాను. ఎలివేటర్ అంటే తోక దగ్గర ఉండే పలక. విమానం ముక్కును పైకి, కిందికి తిప్పేది అదే. పైలట్ చేతి కర్ర నుంచి దానిదాకా సన్నని ఉక్కు తీగలు పేనిన తాడు పోతుంది. దాని పొడవునా గుడ్డ పట్టి లాగాలి. ఎక్కడైనా తీగ తెగి ఉంటే గుడ్డ తగులుకుంటుంది. తాడు మలుపు తిరిగే కప్పీ దగ్గర తగులుకుంది. తెగినవి ఒకటి రెండే. తనిఖీ నియమాల పుస్తకం ఒప్పుకునే హద్దులోనే ఉన్నాయి. అయినా బిగువు వదిలించి, తాడును వంచి చూశాను. లోపలి నుంచి గోధుమ రంగు పొడి రాలింది. తుప్పు. లోపల ఎంత తినేసిందో కంటితో తెలియదు. మందు చల్లే విమానం పైరును ఒరుసుకుంటూ పోయి, చెట్ల ముందు ఒక్కసారి పైకి లేస్తుంది. తాడు తెగితే అక్కడే తెగుతుంది. పైలట్‌కు ఏమీ చేసే వ్యవధి ఉండదు.

నేను సంతకం పెట్టలేదు. కొత్త కేబుల్ హైదరాబాద్‌లో తయారై, బరువు పరీక్షకు నిలిచి రావాలి. వారం తక్కువ పట్టదు.

మరుసటి రోజు మందు పడాల్సిన చేను విఠల్ పటేల్‌ది. ఆయన పురుగు తొలిచిన కాయ ఒకటి చేతిలో పట్టుకొచ్చాడు. "ఇంజినీర్ సాబ్, నిన్న మంచిగనే ఎగిరింది గదా. గీ పురుగు వారం ఆగదు. జర నా చేను మీదికెళ్లి ఒక్కపారి పోనియ్యిండ్రి."

"ఎగరదు పటేలా" అన్నాను.

కబురందుకుని ఖాదర్ జీపులో వచ్చాడు. నన్ను పక్కకు తీసుకుపోయి, "ఉస్తాద్, పుస్తకం ప్రకారం ఠీకే ఉన్నది. కంపెనీ పరేషాన్ అయితున్నది. పదేండ్లు దూరముంటిరి, గందుకే భయం ఎక్కువైందేమో" అన్నాడు.

ఆ మాట తగిలింది. ఆ అనుమానం నాకూ ఉంది.

"అయ్యుండొచ్చు. నీకూ లైసెన్సున్నది. చూసి నువ్వే పెట్టు, నేను అడ్డం రాను" అన్నాను.

ఖాదర్ గడియారం విప్పి జేబులో వేసుకుని తోకలోకి దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక, వేళ్లకంటిన పొడిని ప్యాంటుకు తుడుచుకుని, విమానం ఎగరదని పైలట్‌తో చెప్పాడు. ఆపైన జీపెక్కాడు.

కేబుల్ వచ్చేసరికి విఠల్ పటేల్ చేను మిగల్లేదు. అందులో పశువులను మేతకు వదిలేశాడు. తర్వాత ఒకసారి బజారులో ఎదురుపడ్డాడు. "విమానం బతికింది సాబ్, పత్తి సచ్చింది" అన్నాడు. కోపంగా అనలేదు. జరిగింది చెప్పి తన దారిన పోయాడు.

పాత కేబుల్‌ను హైదరాబాద్‌లో లాగి చూశారు. మోయాల్సిన బరువును మోసి, ఇంకొంచెం కూడా మోసి, అప్పుడు తెగిందట. "ఆ సీజనంత ఆగుతుండెనేమో, ఉస్తాద్" అన్నాడు ఖాదర్. నాది తప్పని అతను అనలేదు, ఒప్పనీ అనలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఇదే పని చేసి రిటైరయ్యాను. రైతుకు నా వల్ల జరిగిన నష్టం నిజం. పైలట్‌కు తప్పిన ప్రమాదం ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. ఈ వృత్తిలో ఆపిన విమానం వల్ల వచ్చే నష్టం అందరికీ కనిపిస్తుంది, జరగని ప్రమాదం ఎవరికీ కనిపించదు. గ్రౌండ్ ఇంజినీర్ ఆ ఉదయం తనకు తెలిసినంత మేరకే సంతకం పెట్టాలి. తర్వాత తెలిసినవి ఆ ఉదయానికి పనికిరావు.