తెగింది, రా

సహోదరులారా, అక్కచెల్లెళ్ళారా, ఇప్పుడు మీరు వింటున్న ఈ బొంగురు గొంతు ఒకప్పుడు పూర్తిగా పోయింది. జలుబు చేసి పోవడం కాదు, నోరు తెరిస్తే గాలి తప్ప మాట బయటికి వచ్చేది కాదు. ఈ సంఘంలో పాట ఎత్తుకునేవాడు ఈ దావీదే అని పెద్దవాళ్ళకు తెలుసు, నేను ఎత్తుకుంటే వెనక బెంచీల మీద కునికేవాళ్ళు కూడా లేచి కూర్చునేవాళ్ళు, అంత గొంతు ఇచ్చాడు దేవుడు. అలాంటిది ఒక ఎండాకాలం గొంతుకు ఏదో అడ్డం పడ్డట్టయింది, గడ్డ అన్నారు, దవాఖానలో డాక్టరమ్మ కోసి తీసింది, ప్రాణానికి ఫికర్ లేదు గానీ మాట వస్తుందో రాదో నేను చెప్పలేనయ్యా అంది.

ఇంటికొచ్చాక నేను గుడికి రావడం మానేశాను. ఆదివారం గంట కొడితే దుప్పటి ముసుగు పెట్టుకునేవాణ్ణి, నా భార్య రూతమ్మ ఒక్కతే పిల్లల్ని తీసుకుని వచ్చేది. నాకున్నదే గొంతు, దాంతోనే పాట, దాంతోనే ప్రార్థన, అది లేనివాడు దేవుని ముందు నిలబడి ఏం చేస్తాడు, వాడి మొర ఎవరికి వినబడుతుంది అని నాలో నేనే తీర్మానం చేసేసుకున్నాను. చచ్చిపోతే బాగుండుననిపించిన రోజులు కూడా ఉన్నాయి, మీ దగ్గర దాచడమెందుకు.

విచిత్రమేమిటంటే, మిల్లులో మాత్రం నాకు ఏ ఇబ్బందీ రాలేదు. మిల్లు లోపల చూడనివాళ్ళ కోసం చెప్తాను. మా సాంచెల షెడ్డులో, అంటే కరెంటు మగ్గాలు ఆడే చోట, వరసలు వరసలుగా మగ్గాలన్నీ మోగుతుంటే పక్కవాడు చెవి దగ్గర అరిచినా వినబడదు. అందుకే అక్కడ అందరమూ మూగవాళ్ళమే, అందరమూ వాగుడుకాయలమే! చేతులతో మాట్లాడుకుంటాం, పెదవులు చూసి అర్థం చేసుకుంటాం. మీసం మెలేసినట్టు చేస్తే సూపర్‌వైజరు వస్తున్నాడని, బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్ తాగుదామని. ఇక మగ్గం మీద పోగులు తెగి మేస్త్రి కావాలంటే, రెండు పిడికిళ్ళు దగ్గర పెట్టి ఇటొకటి అటొకటి లాగి, చెయ్యెత్తి రమ్మని ఊపుతాం. తెగింది, రా. ఆ సైగ చూస్తే మేస్త్రి చేతిలో పని వదిలి రావలసిందే.

నా పక్క మగ్గం మీద పనిచేసేది మల్లేశం అన్న, సాలె కులస్తుడు, తాతల నాటి నుంచి నేతపని. ఒకరోజు చేతులతోనే నన్ను నిలదీశాడు, మీ గుడికి పోవడం లేదట, ఎందుకని. నేను గొంతు మీది కట్టు చూపించి, లేదని చెయ్యి తిప్పాను. అతను నవ్వి తన కళ్ళు చూపించాడు, నన్ను చూపించాడు, తర్వాత వేలు పైకప్పు వైపు ఎత్తి మళ్ళీ కళ్ళు చూపించాడు. చాయ్ దగ్గర నోటితో కూడా చెప్పాడు, "ఇంత మోతల నీ మాట నేను జూసి సమజ్ చేసుకుంటలేనా? మీ దేవునికి కండ్లు లేవా ఏందే?"

సహోదరులారా, దేవుడు ఎవరి నోట మాట్లాడతాడో మనకేం తెలుసు! నేను మగ్గం దగ్గరికి తిరిగొచ్చి, నాడె పోగును లాక్కుని అటూ ఇటూ పరుగెడుతుంటే మొహం పైకెత్తి, రెండు పిడికిళ్ళు దగ్గర పెట్టి లాగాను, చెయ్యెత్తి ఊపాను. ప్రభువా, తెగింది, రా. నాకూ నీకూ మధ్య తెగింది, నాకు అతకడం చేతకావడం లేదు, నువ్వే రా. గొంతు పోయాక నేను చేసిన మొదటి ప్రార్థన అదే.

ఇక్కడే నవ్వొచ్చే సంగతి జరిగింది. మా ఖాసిం మేస్త్రి అది చూశాడు! ఆ పెద్దాయన నా మగ్గమే ఆగిందనుకుని గబగబా పరుగెత్తుకొచ్చాడు, ముందుకెళ్ళి చూశాడు, వెనక్కెళ్ళి చూశాడు, బట్ట చక్కగా దిగుతోంది, ఒక్క పోగూ తెగలేదు. ఎక్కడ తెగిందని చేత్తో అడిగాడు. నేను నా గొంతు చూపించాను, గుండె చూపించాను, పైకి చూపించాను, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. ఆయన కోప్పడలేదు, వాళ్ళు నమాజులో దువా చేసినట్టు రెండు అరచేతులూ తెరిచి, మొహానికి రాసుకుని, నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. నేను అక్కడే కదిలిపోయాను. తనను పిలవకపోయినా మేస్త్రి పరుగెత్తుకొచ్చాడే, నేను పిలిచిన నా తండ్రి రాడా!

ఆ ఆదివారం మళ్ళీ ఈ గుడిలో అడుగుపెట్టాను. పాస్టరు అయ్యగారు ఎవరైనా ప్రార్థన చేయండి అంటే ముందుకొచ్చి చేతులతో చేశాను. మన సంఘంలో సగం మంది మిల్లువాళ్ళేగా, ముందు ఒకరు, తర్వాత పదిమంది, నా చేతులు చూసి ఆ ప్రార్థన గట్టిగా పలికారు, మిగతావాళ్ళు ఆమెన్ అన్నారు. గొంతు రాకముందే నేను విడుదల పొందాను, ఇది రాసిపెట్టుకోండి!

ఆనాటి నుంచి మగ్గం దగ్గర రోజూ పెదవులతో పాడుకునేవాణ్ణి. శబ్దం వస్తోందో లేదో నాకే తెలియదు, ఆ మోతలో ఎలా తెలుస్తుంది? ఒకరోజు మధ్యాహ్నం నేను స్తోత్రం స్తోత్రం అని పాడుకుంటుండగా టక్కున కరెంటు పోయింది, సాంచెలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి, ఆ నిశ్శబ్దంలో షెడ్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక గొంతు స్తోత్రం అంటోంది. ఎవరా అని చూశాను. నేనే! మల్లేశం అన్న పరుగున వచ్చి నా గొంతు పట్టుకుని చూశాడు, ఖాసిం మేస్త్రి "పాడు బేటా, ఆపకు" అన్నాడు, అందరూ చుట్టూ చేరారు, కరెంటు వచ్చేదాకా పాడుతూనే ఉన్నాను. దేవునికే మహిమ!

సహోదరులారా, మిల్లువాళ్ళంటే తల నిండా దూది దుమ్ముతో వచ్చే కూలోళ్ళని చిన్నచూపు చూసేవాళ్ళున్నారు. పొద్దున మిల్లు కూత పెడితేనే ఈ వరంగల్‌లో చాయ్ హోటళ్ళు, బండ్లు, దుకాణాలు కదులుతాయి, హసన్‌పర్తి రైతు పత్తి అమ్ముడుపోవాలన్నా మా చేతులు ఆడాలి. దేశం లేచి నిలబడుతోందని సంతోషిస్తున్నాం, నిలబడ్డ దేశానికి ఒంటిమీద బట్ట ఎవరిచ్చారు? ఆనాడు నా గొంతుకు కట్టిన గుడ్డ కూడా ఏదో మిల్లులో ఎవరో నేసిందే. ఒకసారి మీ చీర కొంగు, మీ చొక్కా అంచు పట్టుకుని చూడండి, దాన్ని నేసిన చేతుల కోసం దేవునికి స్తుతి చెప్పండి.

మీలో ఎవరికైనా ప్రార్థించడానికి మాట రావడం లేదా? ఫికర్ చేయకండి. నాతో పాటు రెండు పిడికిళ్ళు దగ్గర పెట్టండి, లాగండి. ఇప్పుడు చెయ్యెత్తి ఊపండి. ఆయన చూస్తున్నాడు, వస్తాడు.