ఆదోని ఉగ్గాని కోసం పెద్దనాన్న ఆడిన అబద్ధం

మా చిన్నప్పుడు ఆదోనిలో పిజ్జా అన్న మాటే లేదు... కానీ "ఎక్కడిది బాగుంటుంది" అనే కొట్లాట మాత్రం ఇప్పటికంటే ఘాటుగానే ఉండేది. మాది ఉగ్గాని కొట్లాట!

మొన్న మా మునిమనవళ్ళిద్దరూ ఫోన్లో రేటింగు చుక్కలు చూసుకుంటూ, ఊళ్ళో ఏ పిజ్జా మంచిదని గంటసేపు అరుచుకున్నారు. ఒరే ఆగండ్రా, అసలు కొట్లాటంటే ఏంటో నేను చెప్తానని మొదలుపెట్టాను. వాళ్ళు వినలేదు. మీరు వినండి.

తెలియని వాళ్ళకు చెప్తున్నా... బొరుగులు నీళ్ళలో ముంచి, గట్టిగా పిండేసి, ఉల్లిపాయ పచ్చిమిర్చి తాలింపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లితే ఉగ్గాని. పక్కన వేడివేడి మిరపకాయ బజ్జీ. మహిమంతా ఆ పొడిలోనే ఉంటుంది. ఈ విషయంలో నాతో వాదనకు రావద్దు, ఓడిపోతారు.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నాకు తొమ్మిదేళ్ళు. నాన్న పోయాక అమ్మా నేనూ పెద్దనాన్న ఇంట్లో, పెరటి గదిలో ఉండేవాళ్ళం. పెద్దనాన్న గుడిలో పూజారి. ఉల్లి, వెల్లుల్లి గడప తొక్కని ఇల్లు మాది.

ఆ ఇంట్లోనే మా అమ్మ, మడి కట్టుకునే మనిషి, బజార్లో వీరన్న ఉగ్గాని అంగడికి వెల్లుల్లి వేసి పుట్నాల పొడి దంచేది! నా చదువు కోసం ఎవరి ముందూ చెయ్యి చాపకూడదని ఆమె పంతం. పెద్దనాన్న గుడికి వెళ్ళగానే రోలు దగ్గర కూర్చునేది. వాసన తెలియకుండా పెరడంతా సాంబ్రాణి పొగ వేసేది. పొడి డబ్బా నా పలక సంచిలో బజారుకు పోయేది...

ఇంకో సంగతి చెప్తే నమ్మరు. ఆ పొడి అమ్మ ఒక్కసారి కూడా నోట్లో వేసుకోలేదు. వెల్లుల్లి కదా! దంచుతుంటే రెండు తుమ్ములు వస్తే కారం సరిపోయినట్టు లెక్క. ఉప్పు వీరన్నే కలుపుకునేవాడు.

"ఎవరికీ చెప్పొద్దు పాపా. తెలిసిందంటే మనల్ని ఈ ఇంట్లో పెట్టుకునే దారి మీ పెద్దనాన్నకు ఉండదు. ఆయన్నే వెలి వేస్తారు" అని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. నిలబెట్టుకున్నాను... ఒక్క మధ్యాహ్నం తప్ప.

ఎమ్మిగనూరు నుంచి చీరల మూటతో నాగప్ప అనే వ్యాపారి వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. పక్కనే పెద్దనాన్న, ఇద్దరు ముగ్గురు పత్తి వ్యాపారులు. మాట ఉగ్గాని మీదికి పోయింది. పోక ఏం చేస్తుంది!

"మా ఎమ్మిగనూరు ఉగ్గాని తిని సూడండప్పా, ఆమీద మాట్లాడండి. మీ ఆదోనిలో యాడుంది రుచి? నీళ్ళే ఉప్పు నీళ్ళు!" అన్నాడు నాగప్ప.

"మా వీరన్న అంగట్లో తిన్నావా ఎప్పుడన్నా?" అన్నాడో వ్యాపారి.

"పొద్దున తినే వచ్చినాలేన్నా. ఆ పొడి ఉందే... ఎవరో సేతగానోళ్ళు దంచినట్టుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. చేతగాని వాళ్ళా? మా అమ్మా? గడపలో నిలబడ్డదాన్ని ఒక్క దూకున అరుగు మీదికి వచ్చాను. "సేతగానోళ్ళు కాదు! ఆ పొడి దంచేది మా..." అన్నాను.

"ఉండవే!" అని పెద్దనాన్న గట్టిగా అడ్డు తగిలాడు. నాగప్ప వైపు తిరిగాడు. "పొడి సంగతి నాతో చెప్తాండావా? వెల్లుల్లి పొట్టు తీయకుండా ఆఖర్న కచ్చాపచ్చాగా దంచితేనే ఆ వాసన. కొబ్బరి పొయ్యి మీద కాదు, మిద్దె మీద ఎండలో కాగాల. అట్లాంటి పొడి మీ ఊర్లో యాడుందో చూపించు!"

అరుగంతా నోరు తెరిచింది. "అయ్యవారూ... మీకెట్ల తెలుసు? మీరు తిన్నారా?"

పెద్దనాన్న ఒక్క క్షణం నా వైపు చూశాడు. "తిన్నాను. తిన్నాను కాబట్టే చెప్తాండాను" అన్నాడు.

ఇక నన్ను పట్టించుకున్న వాళ్ళెవరు! సాయంత్రానికి ఊరంతా అదే మాట. పెద్దలు కూర్చున్నారు. పెద్దనాన్న పంచగవ్యం తాగి, జంధ్యం మార్చుకోవాలని, నెల రోజులు గర్భగుడిలో అడుగు పెట్టకూడదన్నారు. చేతులు కట్టుకుని సరేనన్నాడు. చచ్చేదాకా ఆయన్ని "ఉగ్గాని అయ్యవారు" అనే పిలిచారు.

మర్నాడు పొద్దున ఆయన పక్కన కూర్చుని, ఏడుస్తూ అడిగాను. "పెద్దనాన్నా, నిజంగా తిన్నావా?"

"యాడిదే పాపా! రుచెట్లుంటాదో కూడా తెల్దు. మీ అమ్మ మిద్దె మీద కొబ్బరి ఎండేసేది, పెరట్లో దంచేది... నాకు కండ్లు లేవా, ముక్కు లేదా?" అన్నాడు. పైకి లేస్తూ, "సాంబ్రాణి కొంచెం తగ్గించమను, దగ్గు వస్తాంది" అన్నాడు.

అమ్మకు చెప్తే రోలు దగ్గరే కూలబడి ఏడ్చింది. నేను జీవితంలో ఎంతో మంది గొప్పవాళ్ళను చూశాను గానీ, మా పెద్దనాన్న ముందు ఒక్కరూ నిలవరు.

ఎమ్మిగనూరు వాళ్ళు కోప్పడినా సరే, ఉగ్గాని ఆదోనిదే. దాని కోసం వాదించి గెలిచిన మనిషీ తినలేదు, పొడి దంచిన మనిషీ తినలేదు... తిన్నదాన్ని నేను, నేను చెప్తున్నాను!

ఇప్పుడు అన్నీ ఇంటికే వస్తున్నాయి. అట్టపెట్టె మీద కంపెనీ పేరుంటుంది, తెచ్చినవాడి పేరు ఫోన్లో ఉంటుంది. చేసిన చేతుల పేరే ఎక్కడా ఉండదు. మా రోజుల్లో ఉండేదా అంటే... అప్పుడూ లేదు. అందుకే తొంభై దాటాక ఇక్కడ రాస్తున్నాను. ఆ పొడి దంచింది మా అమ్మ. పేరు రుక్మిణమ్మ.

మీ ఊళ్ళో ఏది బాగుంటుందో మీరూ చెప్పండి... అంగడి పేరు వద్దు, చేసిన మనిషి పేరు రాయండి.