బుట్ట దాటిన బుజ్జిది

చిన్న జాతి కుక్కపిల్లను మూడు నెలలైనా నిండకుండా తల్లి దగ్గర్నుంచి తీయకూడదని దర్జీ అక్క పట్టుబట్టింది. ఆ తర్వాత కూడా, గుడ్డపీలికల బుట్టలోంచి అది తనంతట తాను బయటికొచ్చిన రోజే ఇస్తానని చెల్లెలికి మాటిచ్చింది. నెలలు నిండాయి. పిల్ల మాత్రం బయటికి రాలేదు.

"అక్కా, పోయిన వారం బుట్ట మోకాలి ఎత్తేగా! ఇదేంటి, నడుము దాకా ఉంది?"

"పిల్లతో పాటు అదీ పెరిగిందే, నోర్ముయ్!" అంటూ అక్క మిషను చక్రం గిర్రున తిప్పింది.

అంతలో బుట్ట ఊగి ఊగి దభీమని పక్కకు పడింది. రంగురంగుల పీలికల వానలోంచి పిల్ల కొలత టేపు కరుచుకుని దొర్లుకుంటూ వచ్చి, చెల్లెలి పాదం మీద కూర్చుంది. అక్కకు కళ్లల్లో నీళ్లు తిరిగేంత నవ్వొచ్చింది.

"తీసుకుపోవే దొంగా! టేపు మాత్రం ఇచ్చి వెళ్లు."

పిల్ల వదల్లేదు. ఒక కొస దాని నోట్లో, ఇంకో కొస అక్క చేతిలో. అలాగే ముగ్గురూ వీధి చివరిదాకా నడిచారు.