బందు ఊడిన తలుపు, పదకొండు పేజీల స్వాగతం

తాళం, గొళ్లెం, తాడు ఏవీ వాడకుండా ఒక కార్డినల్ గారిని గదిలో బంధించిన ఘనత మా ఇబ్రహీంపట్నం విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, నాది. నవ్వండి, పర్వాలేదు. ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను. ఆ రోజు మాత్రం భూమి నోరు తెరిస్తే అందులోకి దూరిపోదామని చూశాను. తలుపే తెరుచుకోని రోజున భూమేం తెరుచుకుంటుంది!

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. హైదరాబాదులో ఉపదేశకుల శిక్షణ ముగించుకుని, దేవుడు మరిచిపోయిన సంగతులు కూడా నాకు తెలుసన్నంత ధీమాతో ఊరికి వచ్చాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త ఉపదేశకురాలు ఆమెన్ ఎరగదు.

ఆ సంవత్సరం మా గుడి పండుగకు పక్క రాష్ట్రం నుంచి ఒక విశ్రాంత కార్డినల్ గారు వస్తున్నారని తెలిసింది. బిషప్పును చూడడానికే బస్సు కట్టుకుని పోయే జనం మేము. పోపు గారి తర్వాతి మెట్టు మీద ఉన్న మనిషి మా గడప తొక్కడమంటే మాటలా? మా ఫాదర్ నన్ను పిలిచారు.

"రెండు పనులు బిడ్డా. ఒకటి, పూజ అయినంక రెండు నిమిషాలు స్వాగతం చెప్పాలె. రెండోది, పూజ బట్టలు మార్చుకునే గది తలుపుకు పై బందు ఊడుతున్నది. వడ్ల యాదగిరిని పిలిచి బిగించుమను. యాది మరువవు గదా?"

"మీరు ఫికర్ చెయ్యకుండ్రి ఫాదర్."

ఫాదర్ ఫికర్ చేయలేదు. అదే ఆయన చేసిన పొరపాటు.

మా ఇంట్లో అవ్వకు మాత్రం ఒకటే ధ్యాస. అవ్వంటే మా నాయన తల్లి. పెళ్లయిన కొత్తలో జ్ఞానస్నానం పొందినప్పుడు మా తాత ఆమెకొక జపమాల కొనిచ్చాడు. ఒకరోజు దాన్ని దడి మీద పెడితే మా మేక నమిలేసింది. అవ్వ దాని నోట్లోంచి లాక్కునేసరికి పదేసి పూసల వరుసల్లో మూడో పదిలో రెండు పూసలు కడుపులోకి పోయాయి. రెండు రోజులు మేక వెనకే తిరిగింది అవ్వ. ఫలితం లేదు. పూసకొక మంగళవార్త ప్రార్థన చెప్పాలి కాబట్టి, అప్పటినుంచి ఆమె మూడో పదిలో ఎనిమిది మంగళవార్తలే.

"కొత్తది కొనిస్త అవ్వా" అంటే, "గిది మీ తాత ఇచ్చింది" అనేది.

"మరి ఆ రెండూ వేళ్ల మీద లెక్కపెట్టుకో."

"లెక్క నాకేడొస్తది బిడ్డా? లెక్క పూసలకే ఎరుక. ఇన్నేండ్లు తక్కువ జపం చేసిన. దేవమాతకు చెల్లిందో లేదో గా పెద్ద ఫాదర్‌నే అడుగుత."

ఆమె మోకాళ్లకు వరుసలో నిలబడే శక్తి లేదు. అందుకని ఫాదరే మాట ఇచ్చారు: సభ కాగానే కార్డినల్ గారు బట్టల గదిలోకి వస్తారు, అవ్వ అక్కడ కుర్చీలో కూర్చుంటే తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. వారం రోజులుగా అవ్వ ఆ కుర్చీలో మనసులోనే కూర్చుని ఉంది.

నేనేమో కార్డినల్ అన్న మాట మీద కూర్చున్నాను. తవ్విన కొద్దీ అర్థాలు! లాటిన్‌లో దాని మూలం తలుపు బందట. తలుపు బందు మీద తిరిగినట్టు క్రైస్తవ సంఘం వీరి మీద తిరుగుతుంది కాబట్టి ఆ పేరట. తూర్పు పడమరల్లాంటి నాలుగు దిక్కులకూ ఇంగ్లీషులో అదే మాట. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టే అంకెలకూ అదే. అమెరికాలో ఒక ఎర్ర పిట్ట ఉంది, దానికి వీరి ఎర్ర బట్టల వల్లే ఆ పేరొచ్చింది. ఇక వివేకం, న్యాయం, ధైర్యం, మితం అనే నాలుగు మూల సుగుణాలు సరేసరి. దేవుడు ఆరు దినాల్లో సృష్టి మొత్తం ముగించాడు. నా స్వాగతం ఏడో దినం కూడా విశ్రాంతి ఎరగలేదు.

"ఏం రాస్తున్నవే గంతగనం?" అంది అవ్వ.

"కార్డినల్ అంటే నాలుగు దిక్కులని కూడా అర్థం, తెల్సా అవ్వా?"

"దిక్కులేనోళ్లకు దిక్కయితే చాలు. నాలుగెందుకు?"

ఇలాంటి అంతరాయాలు భరించలేక, పండుగ ముందు రోజు కాగితాలు పట్టుకుని సాపు ప్రతి రాసుకోవడానికి గుడిలోకి పోయాను. అప్పుడే, నేను కబురు పెట్టిన యాదగిరన్న సంచీతో దిగాడు. పై బందు పట్టుకుని రెండు దెబ్బలు వేశాడో లేదో, నా వాక్యం తెగిపోయింది.

"అన్నా, జర ఆపరాదే! చప్పుడైతే నాకు రాయొస్తలేదు."

"ఏం రాస్తున్నవ్ చెల్లె?"

"తలుపు బందుల గొప్పతనం గురించి."

యాదగిరన్న నా వైపు చూశాడు. చేతిలోని సుత్తి వైపు చూశాడు. "మరి నేను పోవాల్నా?"

"పొద్దుగూకినంక రా."

"కొంగరకలాన్‌ల ఇంటి పనున్నది. రేపు మీ పండుగైనంకనే వస్త ఇగ" అని వెళ్లిపోయాడు. నేను హాయిగా రెండో పేజీ అందుకున్నాను.

పండుగనాడు పూజ కన్నులపండువగా సాగింది. ఆ తర్వాత షామియానా కింద నేను మైకు పట్టుకున్నాను. బందుల దగ్గర జనం చప్పట్లు కొట్టారు. దిక్కుల దగ్గర దిక్కులు చూశారు. ఎర్ర పిట్ట దగ్గరకొచ్చేసరికి ఫాదర్ దగ్గడం మొదలుపెట్టారు. పాపం, ఎండకాలం దగ్గు అనుకున్నాను. వంటల వైపు నుంచి మాంసం కూర వాసన వచ్చి, వెనక వరుసలు ఒక్కొక్కటిగా వాగ్దత్త భూమి వైపు కదిలాయి. మితం అనే సుగుణం గురించి నేను అన్నిటికంటే ఎక్కువసేపు మాట్లాడాను. చివరికి పాటల బృందంలోని సిస్టర్ నా చున్నీ పట్టి గుంజింది.

కార్డినల్ గారి వెంట వచ్చిన యువ గురువు గడియారం చూసుకుని కంగారుపడ్డాడు. "కందుకూరులో జనం ఎదురుచూస్తున్నారు. లోపల అమ్మగారికి ఒక్క నిమిషమే!"

అప్పుడు నాకు తెలిసొచ్చింది. అవ్వ వారం రోజులు దాచుకున్న ప్రశ్న, ఆమె తీరిక, ఆమె వంతు, అంతా నా పదకొండు పేజీలు మేసేశాయి. మేక నయం, రెండు పూసలే మింగింది.

కార్డినల్ గారు గదిలోకి అడుగుపెట్టారు. వెనకాలే పెద్ద గాలి వీచింది. తలుపు ధడాలున పడింది, పై బందు ఊడింది. తలుపు కిందికి జారి, గడపలో మేకు దిగినట్టు దిగబడింది. నెట్టాం. గుంజాం. బైబిల్లో యెరికో కోట గోడలైనా ఏడు చుట్లకు పడ్డాయి. ఇది కదల్లేదు.

ఫాదర్ మెల్లగా నా వైపు తిరిగారు. "బందు బిగించుమన్న గదా?"

"దాని గురించి రెండో పేజీలో చెప్పిన ఫాదర్..."

"చెప్పుడు గాదు బిడ్డా, బిగించుడు!"

ఎవరో యాదగిరన్న కోసం బండి మీద కొంగరకలాన్ ఉరికారు. మేమంతా గది కిటికీ కింద నిలబడ్డాం. అవ్వకు చెవుడు. అందుకే ఆమె రహస్యాలు కూడా వీధికంతా వినబడతాయి.

"తలుపు పడ్డదా? పడనీ. కూసోండ్రి సామీ. మా మేక సంగతి చెప్త."

మేక, దడి, తాత, జపమాల, అన్నీ తీరిగ్గా చెప్పింది. చివర్న అసలు మాట అడిగింది. "ఆయన పోయిన దినం గూడ గీ తక్కువ జపమే చేసిన. ఆయనకు ముట్టిందంటవా?"

ఆమె గుండెలో ఉన్నది ఈ భయమని నాకప్పటిదాకా తెలియదు. నేనెప్పుడు విన్నాను గనక?

లోపలి నుంచి కార్డినల్ గారి పుస్తకాల తెలుగు గట్టిగా, నిదానంగా వినిపించింది. "అమ్మా, దేవమాత తల్లి కదా. తల్లి బిడ్డ గొంతు వింటుంది, పూసలు లెక్కపెట్టదు. అయినా మీ మనసు నిమ్మళించాలంటే, ఆ రెండూ మనమిద్దరం ఇప్పుడు కలిసి చెబుదాం."

చెప్పారు. మొదటిది వాళ్లిద్దరూ చెప్పారు. రెండోదానికి కిటికీ కింద మేమంతా మోకరించి ఉన్నాం. గడియారం చూసుకున్న యువ గురువు కూడా.

యాదగిరన్న వచ్చి గునపం పెట్టి తలుపు లేపేసరికి బాగానే పొద్దుపోయింది. చేతులు కట్టుకుని నిలబడ్డాను. కార్డినల్ గారు నా తల మీద చెయ్యి పెట్టి, "ఉపన్యాసం బాగుంది తల్లీ. ఒక్క మితం మాత్రమే ఎక్కువైంది" అన్నారు.

ఆయన వెనక కుర్చీలోంచి అవ్వ యాదగిరన్న మీద కస్సుమంది. "ఎవడ్రా నిన్ను గింత జల్ది రమ్మన్నది? ఇంక నా మోకాళ్ల సంగతి చెప్పనే లేదు!"

ఇప్పుడు అవ్వ లేదు. ఆమె జపమాల నా దగ్గర ఉంది. మూడో పదిలో ఎనిమిదే పూసలు. నేను వాటిని పూరించలేదు. మిగిలిన రెండూ కళ్లు మూసుకుని, ఆమె గొంతు తలుచుకుని చెబుతాను.

కాబట్టి చదువరులారా, నాలుగు దిక్కుల సాక్షిగా, నాలుగు సుగుణాల మీద ఒట్టేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ పెద్దమనిషి వచ్చినా నా స్వాగతం ఒక్క మంగళవార్త కంటే పొడుగుండదు. ముందు బందు బిగిస్తాను, తర్వాతే నోరు విప్పుతాను. ఇంట్లో ముసలివాళ్లు ఎవరైనా నాలుగు మాటలు చెప్పుకోవాలనుకుంటే మాత్రం, ఆ ఒక్క తలుపు బందు నేనే వదులు చేసి వస్తాను.