యాకోబు సమాధికి సున్నం వేసిన చెయ్యి

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు పేరిట మీకందరికీ నా వందనాలు. ఈ రేకుల చర్చిలో రోగం నయమైనవాళ్లు, తాగుడు మానినవాళ్లు నిలబడి సాక్ష్యం చెబుతుంటే నేను వెనక చాప మీద కూర్చుని వింటూ వచ్చాను. నాకు రోగం లేదు, తాగుడు లేదు. నాకున్నది పగ. పగ పట్టినవాళ్లకు ఒళ్లు కాలదు, కాబట్టి ఎవరూ దవాఖానకు తీసుకుపోరు!

నా పేరు శాంతమ్మ. "పేరేమో శాంతమ్మ, నోరు తెరిస్తే నిప్పులు" అని మా ఆయన యాకోబు నవ్వేవాడు. ఆయన రాళ్లు కొట్టేవాడు. హైటెక్ సిటీ వస్తుందని చెప్పి మాదాపూర్ చుట్టుపక్కల గుట్టలన్నీ పేలుస్తున్న రోజులవి, పొద్దున లేస్తే ఎటో ఒక పక్క ధన్ ధన్‌మని చప్పుళ్లే, మన గోపన్‌పల్లిలో సగం మంది మగవాళ్లు ఆ పనికే పోయేవాళ్లు. మా ఆయన ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర చేసేవాడు. అక్కడే మన బాలస్వామి కూడా చేసేవాడు. అదిగో, డోలక్ పక్కన కూర్చున్నాడు చూడండి, ఆయనే. ఆయన పేరు నేను ఇక్కడ చెప్పవచ్చా అని ముందే అడిగాను, చెప్పమన్నాడు.

బండకు మందు పెట్టాక బాలస్వామి బాట మీద ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడాలి, విజిల్ ఊదాలి, ఎవరినీ లోపలికి పోనివ్వకూడదు. అదీ ఆయన పని. ఆ రోజు బీడీ ముట్టించుకోవడానికి పక్కకు పోయాడు. రెండు నిమిషాలు. మా ఆయన అందరికీ మంచినీళ్లు తేవడానికి పోయి, డబ్బా భుజాన పెట్టుకుని అదే బాటన తిరిగి వస్తున్నాడు, విజిల్ లేదు, గుడ్డ లేదు, ఆయనకేం తెలుసు! బండ పేలింది. నా దగ్గరికి తెచ్చినప్పుడు ముఖం మీద గుడ్డ తీయనివ్వలేదు సహోదరులారా, నేను నా పెనిమిటి ముఖం చివరిసారి చూడనేలేదు.

యాకోబును మట్టి చేసిన నాడు బాలస్వామి వచ్చి మా వాకిట్లో కూర్చుని ఏడ్చాడు. నేను తలుపు వేసుకున్నాను. తరువాతి ఆదివారం వచ్చి చూస్తే ఆయన మామూలుగా డోలక్ వాయిస్తున్నాడు. అప్పుడు నా కడుపు మండిపోయింది! ఆయన వాయిస్తుంటే నేను పాడలేదు. ఆయన తీసుకునే ప్రభువు బల్లలో నేను చెయ్యి పెట్టలేదు. రెండేళ్లు రొట్టె ముట్టలేదు, ద్రాక్షరసం ముట్టలేదు. పాస్టరయ్యగారు రెండుసార్లు ఇంటికి వచ్చి చెప్పి చూశారు, నేను ఆయనకు టీ పెట్టి ఇచ్చి వేరే మాటలు మాట్లాడి పంపాను.

అప్పటికి కొత్తగా లేచిన ఒక ఆఫీసులో అద్దాలు తుడిచే పనికి కుదిరాను. లోపల చల్లని గాలిలో పిల్లలు కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లు, నేను గుడ్డ పట్టుకుని అద్దం రుద్దుతూ ప్రార్థన చేసేదాన్ని. ఏ ప్రార్థనో చెబుతాను, సిగ్గు విడిచి చెబుతాను. "ప్రభువా, వాని ఇంట్ల దీపం ఆరిపోవాలె. నాకు జేసినట్టే వానికి జెయ్యి. వాని కండ్లల్ల చీకటి పడాలె." మోకాళ్లూనకుండా చేసిన ప్రార్థనే గానీ, అంత పట్టుదలగా నేను మరేదీ అడగలేదు.

ఈస్టరు ముందు శనివారం మనం సమాధుల తోటకు పోయి, గడ్డి పీకి, సమాధులకు సున్నం వేసి, మర్నాడు తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని పోతాం కదా. మొదటి ఏడు నేను సున్నం తీసుకుని పోయేసరికి యాకోబు సమాధి అప్పటికే తెల్లగా మెరుస్తోంది. సంఘంవాళ్లు వేశారేమో అనుకున్నాను. రెండో ఏడు పొద్దునే పని మాని, ఎండ ఎక్కకముందే పోయాను. సమాధి దగ్గర గొంతుక్కూర్చుని కుంచెతో సున్నం వేస్తున్నాడు బాలస్వామి.

నాకు ఏం కనపడలేదు సహోదరులారా. ఆ రాయి కింద నా మొగుణ్ణి పెట్టినవాడే ఆ రాయికి సున్నం వేస్తున్నాడు అన్నదొక్కటే కనపడింది. పక్కన ఆయన సున్నం డబ్బా ఉంది, అప్పుడే కలిపినట్టుంది, ఇంకా వెచ్చగా ఉంది. ఎత్తాను, ముఖం మీద కొట్టాను. చెయ్యి జారిందని చెప్పను. విసిరాను.

ఆయన పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. రెండు చేతులూ కళ్ల మీద పెట్టుకుని మట్టిలో దొర్లాడు. సమాధి కడగడానికి తెచ్చిన బిందెలో నీళ్లున్నాయి, ఆయన చేతులు లాగి పడేసి ఆ నీళ్లన్నీ కళ్లల్లో పోశాను, అయిపోతే పక్కన కడుతున్న ఇంటి దగ్గరికి ఉరికి ఇంకో బిందె తెచ్చాను, మళ్లీ ఉరికాను. రెండేళ్లు నేను అడిగిన ప్రార్థనకు అప్పుడు జవాబు వచ్చింది. వాని కళ్లల్లో చీకటి పడాలని అడిగాను, పడింది, దేవుడు చెయ్యలేదు, నేనే చేశాను! ఎంతసేపు పట్టింది అనుకున్నారు? బీడీ ముట్టించుకునేంతసేపు కూడా పట్టలేదు.

నేను నీళ్లు పోస్తుంటే ఆయన కళ్లు మూసుకునే నా చెయ్యి పట్టుకున్నాడు.

"వదినే, నువ్వు ఇంటికి పో. ఎవలన్న జూస్తరు. నేనే పోసుకున్న అని చెప్త."

"నోరు మూసుకొని కండ్లు తెరువు," అన్నాను నేను.

ఆటోలో కళ్ల దవాఖానకు తీసుకుపోయాను. కుడి కన్ను నిలిచింది. ఎడమ కన్ను పోయింది.

ఆ రాత్రి నేను పడుకోలేదు, ప్రార్థన చెయ్యడానికి నోరు రాలేదు. తెల్లవారుజామున అందరితో పాటు సమాధుల తోటకు పోయాను, కొవ్వొత్తి చేతిలో ఉంది, వెలిగించలేదు. దవాఖానలో ఉండమన్నా వినకుండా బాలస్వామి వచ్చాడు, సగం ముఖానికి కట్టు, భార్య సుశీల చెయ్యి పట్టుకుని నడిపించుకుని వచ్చింది. అడిగినవాళ్లందరికీ "డబ్బా ఒరిగి మీద పడ్డది" అంటున్నాడు. ఆ రోజు డోలక్ లేదు. వాయించే మనిషి సమాధులకు ఆనుకుని నిలబడి ఉత్త చేతులతో చప్పట్లు కొడుతున్నాడు.

ఆనాడు తెల్లవారకముందే యేసు సమాధి దగ్గరికి పోయిన స్త్రీల సంగతి అయ్యగారు చదివారు, ద్వారం మీది రాయి ఎవరు దొర్లిస్తారా అని వాళ్లు అనుకుంటూ పోయిన సంగతి. నాకు రాయి మాట వింటేనే ఒళ్లు మండేది. కానీ ఆ రోజు నా లోపలి రాయి ఎంత బరువో నాకు తెలిసిపోయింది, దాన్ని దొర్లించే బలం నాకు లేదని కూడా తెలిసిపోయింది. "ప్రభువా, నాతోని గాదు. నువ్వే జెయ్యి" అన్నాను. అంతే నా ప్రార్థన. నోరు తెరిచాను, అందరిముందు, "డబ్బా ఒరగలే. నేనే కొట్టిన, కావాలనే కొట్టిన" అని అరిచాను.

సుశీల వచ్చి నా చెంప మీద కొట్టింది. న్యాయమే. పోలీసుల దగ్గరికి పోతానన్నాను, బాలస్వామి పోనివ్వలేదు. తడుముకుంటూ వచ్చి, తన కొవ్వొత్తితో నా కొవ్వొత్తి వెలిగించబోయాడు. ఒక్క కన్నుతో వత్తి అందక రెండుసార్లు తప్పాడు. మూడోసారి నేనే నా కొవ్వొత్తిని ఆయన మంట దగ్గర పెట్టాను. దేవునికే మహిమ! ఆ ఆదివారం నేను ప్రభువు బల్లలో చెయ్యి పెట్టాను.

అంతా బాగైపోయిందని చెప్పడానికి నేను ఇక్కడ నిలబడలేదు. యాకోబు తిరిగి రాలేదు. బాలస్వామి కన్ను రాలేదు. కొన్ని రోజులు పాత మంట మళ్లీ లేస్తుంది, అప్పుడు ఆ డబ్బా బరువు చేతికి గుర్తొస్తుంది, మోకాళ్ల మీద పడతాను. ఇప్పుడు మేమిద్దరం కలిసే సున్నం వేస్తాం. తోటకు నడిచేటప్పుడు నేను ఆయనకు ఎడమ పక్కన నడుస్తాను, ఆ పక్క ఆయనకు కనపడదు కాబట్టి.

సుశీల ఇంకా నాతో మాట్లాడదు. బల్లలో చెయ్యి పెట్టడం కూడా మానేసింది. ఆమెను ఎవరూ ఏమీ అనకండి, బుద్ధి చెప్పకండి, ఆ చీకటి ఎట్లా ఉంటుందో ఈ చర్చిలో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఇక్కడ ఇంకెవరికైనా లోపల అట్లాంటి రాయి ఉంటే, దాన్ని మీరు ఎత్తలేరు, ఎత్తాలని చూడకండి, ప్రభువును పిలవండి. నాలాగా చెయ్యి కాలేదాకా ఆగకండి.

సుశీలా, వెనక తలుపు దగ్గర నిలబడి వింటున్నావు, చూశాను. ఈ ఈస్టరుకు మూడు కొవ్వొత్తులు తెచ్చిపెట్టాను. ఒకటి యాకోబుకు, ఒకటి నాకు. మూడోది నీది, కొంగున కట్టుకుని వస్తాను. నువ్వు ఏ ఏడు అడిగితే ఆ ఏడు ఇస్తాను.