నేను సంతకం పెట్టబోయిన కారు

ఆళ్లగడ్డ టాక్సీ ఆయన పోయాడని పోయిన వారం కార్డు వచ్చింది. కూతురు రాసింది. కామెర్లు ముదిరాయట. "మీకు తప్పకుండా తెలియజేయమని అమ్మ చెప్పింది" అని చివర ఒక ముక్క. ఆ ఇల్లాలు నన్ను గుర్తు పెట్టుకుంటుందని అనుకోలేదు. ఒకప్పుడు వాళ్ల కారును ఒకటికి రెండుసార్లు తిప్పి పంపిన బ్రేక్ ఇన్‌స్పెక్టర్ని నేను.

అప్పుడు నంద్యాలలో పనిచేసేవాణ్ణి. డెబ్బయ్యో దశకం సగం దాటింది. వానలు ఎగ్గొట్టి జొన్నచేను ఎండిపోతే, ఆయన ఎద్దుల జత అమ్మి ఒక పాత ఇంగ్లీషు కారు కొన్నాడు. గుండ్రటి ముందుభాగంతో చూడముచ్చటైన బండే గానీ, దాని పెట్రోలు ఇంజను ఎప్పుడో చచ్చిపోయింది. ఆయన దాన్ని పీకేసి, పాత జీపు డీజిల్ ఇంజను తనే బిగించుకున్నాడు. ఆళ్లగడ్డకూ నంద్యాలకూ మధ్య టాక్సీ తిప్పుకుని బతుకుదామని ఆశ. దానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి.

"ఇంజను మార్చడానికి అనుమతి ఏది?" అన్నాను మొదటిసారి.

"ఇంజను బాగానే కొడతాంది కద సార్. దానికి కాగితమేంది?"

వెనక్కి పంపాను. ఆ ఇంజను తీసిన జీపు యజమాని జూపాడు బంగ్లా వైపు ఎక్కడో ఉన్నాడని విని, నాలుగు రోజులు బస్సుల్లోనూ కాలినడకనా తిరిగి, ఇంజను అమ్మినట్టు రాయించుకుని, ఆ అనుమతి తెచ్చుకున్నాడు. రెండోసారి కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. బ్రేకు తొక్కితే మాత్రం బండి ఎడమకు ఈడ్చుకుపోయింది. ఆ బరువైన ఇంజనుకు పాత బ్రేకులు చాలవు. మళ్లీ కుదరదన్నాను.

ఆ రోజు భార్య కూడా వెంట వచ్చింది. "మా ఇంట్లో పొయ్యి ఎలిగించి రెండు దినాలాయ. ఇంకా ఏం చూడాల సార్ దాంట్లో?" అంది. రూలు చెప్పాను. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

మూడోసారి వచ్చేటప్పటికి మనిషి సగమయ్యాడు. అరచేతుల నిండా బొబ్బలు. శ్రీశైలం డ్యామ్ పనిలో రాళ్లు మోసి, జీపు బ్రేకులు కొని వేశాడట. నేనే నడిపి చూశాను. తొక్కిన చోట గీత గీసినట్టు ఆగింది. మామూలుగా బండి కిందికి దూరి చూడందే వదలను. ఆ రోజు దూరలేదు. ఇంకో తప్పు కనబడుతుందేమోనని భయం. ఫైలు బానెట్ మీద పెట్టి పెన్ను తీశాను.

"ఆగండి సార్" అన్నాడు. "సంతకం పెట్టాకండి. వచ్చేటప్పుడు స్టీరింగ్ ఒణికింది. దిగి చూసినా. కింద రాడ్డుకు వెల్డింగ్ కాడ పగులుండాది."

పడుకుని చూశాను. వెంట్రుక మందం పగులు.

"చెప్పకపోతే ఈపాటికి కాగితం నీ చేతిలో ఉండేది."

"నాకూ అట్లే అనిపించింది సార్. మీరు పెన్ను తీసేదాకా నోరు మూసుకోనే ఉంటి. రేపు దీంట్లో బడిపిల్లోల్లు ఎక్కుతారు. నావల్ల కాల్యా."

అని చక్రం పక్కన కూలబడి, తుండుగుడ్డ మొహాన కప్పుకుని ఏడ్చాడు. "ఇంక అమ్మేకి ఇంట్లో ఏమీ ల్యా సార్" అన్నాడు ఆ గుడ్డలోంచే. కారును అక్కడే వదిలి, బస్టాండు వైపు నడిచి వెళ్లిపోయాడు. మళ్లీ శ్రీశైలం పనికే.

జాలి పేరుతో నేను చేయబోయిన పని ఎంతమంది ప్రాణాల మీదికి వచ్చేదో అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ, కిందికి దూరి చూడకుండా ఒక్క బండికీ సంతకం పెట్టలేదు. ఆ అలవాటును నేను మళ్లీ ఎప్పుడూ తప్పకుండా చేసింది ఆయనే. ఈ మాట ఆయన ముందు ఒక్కసారీ అనలేకపోయాను.

తర్వాత పదేళ్లు ఆ కారు ఆ దారిలో తిరిగింది. కనబడినప్పుడల్లా గమనించేవాణ్ణి. బయలుదేరే ముందు చుట్టూ తిరిగి, ఒక్కొక్క చక్రం మీద చెయ్యి వేసి చూసేవాడు. ఎందుకని అడిగితే, "బండి మాట్లాడతానే ఉంటాది సార్. మనమే ఇనం" అనేవాడు.

కాగితం ఇచ్చిన రోజు నాకు కళ్లకు కట్టినట్టుంది. కారు వదిలి వెళ్లిన మూడు నెలలకు కొత్త రాడ్డు తెచ్చి బిగించాడు. కిందికి దూరి చూసి, లేచి సంతకం పెట్టాను. భార్య ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని, "ఇదేనా సార్?" అంది. ఇదేనమ్మా అన్నాను. ఇద్దరూ ఎక్కి కూర్చున్నారు. గేటు దాటాక రోడ్డు మీద అటూ ఇటూ ఎవరూ లేరు. అయినా ఆయన బండి ఆపి, కుడికి తిరుగుతున్నానని సైగగా కుడిచెయ్యి కిటికీలోంచి నిండుగా బయటికి చాచి, కాసేపు అలాగే పట్టుకుని, ఆళ్లగడ్డ వైపు తిప్పాడు.