నా విల్లు, మామ కావడిబద్ద

తొమ్మిదేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. దాన్ని తూచాలంటే గుడియాత్తం మార్కెట్టులోని తక్కెడలన్నీ తెచ్చినా చాలవు. నా మాటల్లో పదోవంతే నమ్మాలని ఊళ్ళో అందరికీ తెలుసు. మీకు తెలియదు. నేనెవరో కూడా మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. దూరాలూ ఎత్తులూ అలవాటు కొద్దీ పెంచి ఉంటాను. తప్పును మాత్రం పెంచలేదు, తగ్గించలేదు.

నలభై దాటితే మనుషులకు షుగరు పట్టుకుంటుంది. నాకు విల్లు పట్టుకుంది. పగలంతా కొట్లో లుంగీలు మడతపెడుతూ, ఫోనులో విల్లు చేసేవాళ్ళ వీడియోలు చూసేవాణ్ణి. కొన్న విల్లు కాదు. మనిషెత్తు విల్లు, ఒకే కొయ్యతో, సొంత చేత్తో చేసింది కావాలి. ఎందుకు? ఏమో. జీవితంలో నేను సొంతంగా చేసినవి మాటలే. చేతికి అందేది ఒక్కటైనా చేయాలనిపించింది.

మొదటి విల్లు వెదురుది. వంచగానే చీలి నా గడ్డానికి తగిలింది. రెండోది చింతకొయ్యది. అది విరిగిన చప్పుడుకు పక్కింట్లో బీడీలు చుట్టే ఆడవాళ్ళు చేటలు వదిలేసి వీధిలోకి వచ్చారు. మూడోదీ నాలుగోదీ పొయ్యిలోకి పోయాయి. అయిదోది అల్లెతాడు కట్టకముందే నెర్రె విచ్చింది. అప్పుడు అర్థమైంది. విల్లు చేయడమంటే వంచడం కాదు, గీకడం. ఎదుటివైపు కొయ్యలోని నార ఒక్కటీ తెగకూడదు. మనవైపు గాజుపెంకుతో రవ్వంత గీకి, వంచి చూసి, మళ్ళీ గీకి, రెండు కొసలూ ఒక్కలా వంగేదాకా ఓపిక పట్టాలి. అన్నిటికన్నా ముందు, ఏళ్ళ తరబడి ఆరిన, వంగడం తెలిసిన కొయ్య కావాలి.

అలాంటి కొయ్య నేను చూసి ఉన్నాను. వేలూరులో మా మామ ఇంటి వసారాలో, రెండు కొక్కేల మీద.

మామ మా అమ్మకు తమ్ముడు. మేస్త్రీ కాకముందు ఆయన కట్టుబడి పనులకు కావడితో నీళ్ళు మోశాడు. వేలూరులో ఇప్పుడు నిలబడి ఉన్న మేడల్లో సగం ఆయన భుజం మీదుగా నీళ్ళు తాగినవే. ఆ కావడిబద్దను వాళ్ళ నాయన జవ్వాదు కొండల నుంచి తెచ్చాడట. ఏ చెట్టుదో ఎవరికీ తెలియదు. మధ్యలో వెడల్పు, కొసలకు సన్నం, బిందెల బరువుకు వంగి లేచి, వంగి లేచి, ముప్పై ఏళ్ళు విరగలేదు. ప్రతి ఆయుధ పూజకూ తాపీ, రసమట్టం పక్కన దానికీ గంధం కుంకుమ పెట్టేవాడు.

ఒకరోజు మామా అత్తా మేల్పాడిలో నిశ్చితార్థానికి పోతూ ఇల్లు చూసుకోమన్నారు. అత్త నా చేతికి తాళం ఇచ్చి, అన్నం మూతపెట్టి, మజ్జిగ ఎక్కడుందో కూడా చెప్పి వెళ్ళింది. వాళ్ళ బస్సు కదలకముందే నేను స్టూలెక్కాను.

గుడియాత్తం బస్సులో కండక్టరు అదేమిటని అడిగాడు. కావడి, మురుగన్ మొక్కు అన్నాను. అంతే. ఒకాయన లేచి సీటిచ్చాడు. ఒక ముసలమ్మ బద్దకు మొక్కి నా నుదుట విభూతి పెట్టింది. వెనక నుంచి ఎవరో అరోహరా అన్నారు, బస్సంతా అందుకుంది. దొంగసొత్తుకు అరోహరా చెప్పించుకున్నవాడు లోకంలో ఇంకొకడు ఉండడు. దిగాలా? తిరిగి పోయి కొక్కేలకు తగిలించాలా? ఆ మాట అప్పుడే అనిపించింది. కానీ విభూతి పెట్టుకున్న మొహంతో తిరిగి పోవడానికి నామోషీ అయింది. చూశారా, ఎంత మంచి కారణం దొరికిందో.

ఆ బద్ద సగం విల్లుగానే ఉంది. నాకు మిగిలింది గీకడమే. పన్నెండు రోజులు గీకాను. మామ భుజం ఆని నున్నబడిన చోటే పిడి అయింది. అక్కడ నా అరచేయి ఆనింది. అది మాత్రం నేను గీకలేదు.

ఆయుధ పూజనాడు గంధం పెట్టబోయేదాకా కొక్కేలు ఖాళీ అని ఎవరూ చూడలేదు. అంతకు వారం ముందు అత్త ఇల్లు సర్ది, విరిగిన మంచంకోళ్ళు, పాత కర్రలు నీళ్ళపొయ్యిలో వేసింది. మామ కొక్కేల వైపు చూశాడు, పొయ్యి వైపు చూశాడు. అత్త తాను వేయలేదని ఒట్టు పెట్టుకుంది. నేను పక్కనే ఆకు ముందు కూర్చుని పాయసం తాగుతున్నాను. ఒక్క మాట అంటే సరిపోయేది. నేనన్నది వేరే మాట. మన వాళ్ళలో ఇకమీద ఎవరికేం పోయినా అత్తనడగండి, దాంతో నీళ్ళు కాచి ఉంటుంది అన్నాను. అందరూ నవ్వారు. ఆ మాట పెళ్ళిళ్ళకూ సీమంతాలకూ పాకి, మా బంధువుల్లో సామెత అయి కూర్చుంది. ఆ విల్లు కాక నేను చేసినవాటిలో విరగనిది అదొక్కటే.

ఇక ఆ తరువాత జరిగిన బాణాల పోటీ సంగతి. కే.వి.కుప్పంలో కోత అయిపోయిన చేలో పెట్టారు. సొంతంగా చేసుకున్న చెక్క విల్లయితేనే రానిచ్చారు. గడ్డిమోపు మీద బీడీకట్ట లేబులు అంటించి దాన్ని కొట్టమన్నారు. దూరం నలభై అడుగులు. పోయిన ఏడాది ఒక పెళ్ళిలో చెప్పినప్పుడు అది నూట ఇరవై. చివరికి ముగ్గురం మిగిలాం. ఒకడి బాణం లేబులు అంచును గీసింది. రెండోవాడిది గడ్డిలో దిగింది. నేను లాగాను. తొమ్మిదేళ్ళయినా ఆ లాగడం నా భుజంలో ఉంది. కొసలు రెండూ ఒక్క మనసుతో వంగాయి. కొయ్య కిర్రుమనలేదు. ఇంకా నాలుగు బిందెలు పెట్టుకో అన్నట్టు నిలబడింది. వదిలాను. బీడీకట్ట లేబులు మధ్యలో చిల్లి. చేలో కొంగలన్నీ లేచాయి. కాట్పాడిలో రైలు ఆగిందని కూడా చెబుతుంటాను, అది నమ్మకండి. కానీ గెలిచాను. ఇత్తడి దీపపు సెమ్మె ఇచ్చి, భుజాలకెత్తుకున్నారు. అంత సంతోషం నేను అంతకు ముందు ఎరగను, తరువాతా ఎరగను. అబద్ధం చెప్పడమెందుకు, ఈ అక్షరాలు రాస్తుంటే ఇప్పుడూ వొళ్ళు పులకరిస్తోంది. తప్పు చేసినవాడికి ఇంత సంతోషం మిగలవచ్చా? మిగిలింది మరి.

కిందికి దించగానే, అత్తతో కలిసి పోటీ చూడటానికి వచ్చిన మామ దగ్గరికి వచ్చాడు. విల్లు అందుకుని అటూ ఇటూ తిప్పి, ఆలోచన లేకుండానే భుజాన పెట్టుకున్నాడు.

"యాడిదిరా అల్లుడా ఈ కట్టి?"

"జవ్వాదు కొండల్లోది మామా."

"మా నాయన గూడా ఆడనించే తెచ్చినాడు." అని అత్త వైపు తిరిగాడు. "చూస్తివా? వీడు కట్టిని విల్లు చేసినాడు. నువ్వు బూడిద చేసినావు."

"సరి పోనీ, ఆ బూడిదతోనే గదా నీ బిందెలు తోమినా." అని అత్త నవ్వి, నా మొహం చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచింది. పదీ విరిగాయి.

అది తొమ్మిదేళ్ళ కిందటి మాట. ఈ ఏడు ఆయుధ పూజకు మళ్ళీ వేలూరు పోయాను. గంధం గిన్నె పట్టుకుని అత్త ఖాళీ కొక్కేల కింద నిలబడింది. ఇన్నేళ్ళూ, నవ్వులాటకు తప్ప, తాను కాల్చలేదనే అంటూ వచ్చిన మనిషి, ఆరోజు తనకు తానే మెల్లగా అనుకుంది: "ఏమో, నేనే వేసినానేమో. జ్ఞాపకం లేదు. తప్పయిపోయింది సామీ." అని గోడకు దండం పెట్టింది.

ఎవరి తప్పుకు ఎవరు దండం పెడుతున్నారు? నేను దొంగిలించింది కొయ్యనే అనుకున్నాను. ఆమెకు తన మీద ఉన్న నమ్మకాన్ని కూడా పట్టుకుపోయానని ఆరోజు తెలిసింది. ఇంటికి వచ్చి ఇది మొదలుపెట్టాను. తెలుగులో ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పాలి. మా ఇళ్ళలో అందరం తెలుగే మాట్లాడతాం. చదవడం మాత్రం నాకొక్కడికే వచ్చు, మిగతావాళ్ళంతా తమిళ బళ్ళలో చదివినవాళ్ళు. అంటే ఒప్పుకుంటూనే దాక్కుంటున్నాను. పై వాక్యాలన్నీ రాశాక అది గ్రహించాను.

అందుకని నిన్న కాగితాలు జేబులో పెట్టుకుని, విల్లు పట్టుకుని అదే బస్సెక్కాను. ఈసారి ఎవరూ మొక్కలేదు. అత్త వసారాలో చిక్కుడుకాయలు వొలుస్తోంది. ఎదురుగా కూర్చుని మొదటి నుంచీ చదివాను. బస్సులో అరోహరా అన్న చోట నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. అయిపోయాక నేను తల దించుకునే ఉన్నాను. పోనీలే నాయనా అంటుందని ఎదురుచూశానని ఒప్పుకుంటాను. అనలేదు. విల్లు పిడిని వేలితో నిమిరింది. తరువాత లేచి లోపలికి పోయి, మామ చూస్తున్న టీవీ ఆపేసి వచ్చింది. ఎన్నడూ లేనంత నిటారుగా కూర్చుంది.

"కాల్చలేదని రాసినావా?"

రాయలేదని అప్పుడు తెలిసింది. ఇన్ని కాగితాల్లో ఆ ఒక్క మాట లేదు. ఆమె ముందే పెన్ను తీసి అడుగున రాశాను. చదివాను.

"ఇంగొంచెం గట్టిగా చదువు. ఆయనకు వినపడాల."

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. మామ గడపలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన మొహంలోకి చూడలేదు. వీధి చివరికి వినపడేంత గట్టిగా, ఒక్క అక్షరం కూడా పెంచకుండా చదివాను. కావడిబద్దను అత్త కాల్చలేదు.